మూడడుగుల దర్వాజలోంచి టన్ను లేత్

లేత్ మిషన్‌ను, అంటే ఇనుప కడ్డీని తిప్పుతూ కోసే యంత్రాన్ని, కొత్త మడిగెలోకి మార్చాలనగానే ముందు బరువు మాటే వస్తుంది. ఎంతమంది హమాలీలు కావాలి, ఎన్ని టన్నుల జాకీ తేవాలి అని. నిజానికి గట్టి గచ్చు మీద, మంచి పైపుల మీద టన్ను బరువును ఇద్దరు మనుషులు నెట్టుకుపోతారు. తిప్పలంతా లేత్ ఆకారంతోనే. పొడవు ఆరడుగులు, కాళ్ల వెడల్పు అడుగుంబావు, బరువులో ఎక్కువ పాలు నడుముకు పైన. పొడవు దిక్కు దాన్ని పడగొట్టడం కష్టం. అడ్డం దిక్కు పడటానికి చిన్న గుంత చాలు.

ఒక లెక్క చూడండి. కాళ్ల వెడల్పు 16 అంగుళాలు, బరువు కేంద్రం నేల నుంచి 30 అంగుళాల ఎత్తున ఉందనుకుందాం. ఈ లేత్ ఒక పక్క 4 అంగుళాలు లేస్తే తిరగబడుతుంది. అదే లేత్‌ను ఆరంగుళాల ఎత్తులో స్కిడ్డు (కాళ్ల కింద బిగించే ఇనుప చట్రం), దాని కింద దొర్లే పైపుల మీదికి ఎక్కించి, వెనక మోటరు కూడా విప్పకుండా వదిలేశారనుకోండి. మోటరు బరువుకు కేంద్రం రెండంగుళాలు వెనక్కి జరిగితే చాలు, ఇక రెండున్నర అంగుళాలకే పోతుంది. తాండూరు బండ ఒకటి పగిలి పైపు దిగబడినా, మోరీ మీది బండ కుంగినా ఆ రెండున్నర అంగుళాలు వచ్చేసినట్టే.

ఖాళీ స్థలంలో అయితే స్కిడ్డుకు రెండు పక్కలా రెక్కలు కట్టి ఈ భయం తీర్చుకోవచ్చు. ఇరుకు దర్వాజ దగ్గర ఆ రెక్కలే అడ్డం. పైగా మోరీ, మెట్టు, కడప అన్నీ అక్కడే ఉంటాయి. అంటే నేల ఎక్కడ బాగా లేదో సరిగ్గా అక్కడే ఊతం కూడా తీసేయాల్సి వస్తుంది. కింద చెప్పేదంతా ఆ ఆరేడు అడుగులు దాటడం కోసమే.

ముందు కొలతలు

బటాలా, లుధియానా, రాజ్‌కోట్ తయారీ ఆరడుగుల బెడ్ (మిగతా భాగాలన్నీ కూర్చునే పొడవాటి దిమ్మ) లేత్‌లు ఎనిమిది వందల కిలోల నుంచి పన్నెండు వందల దాకా ఉంటాయి. పాత హెచ్‌ఎంటీ, కిర్లోస్కర్ మిషన్లు చాలా బరువు, రెండు టన్నులు దాటేవీ ఉన్నాయి. అమ్మినవాళ్లు చెప్పిన బరువు మీద ఆధారపడొద్దు. డీసీఎం లారీని ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి కాంటా ఎక్కిస్తే అసలు సంగతి తెలుస్తుంది. రైస్ మిల్లులున్న మిర్యాలగూడ లాంటి చోట కాంటాలకు కొదవ లేదు.

మిషన్ వెడల్పును ముందున్న క్రాస్ స్లయిడ్ హ్యాండిల్ చివర నుంచి వెనక మోటరు చివర దాకా కొలవాలి. పొడవు అంటే గేర్ కవర్ నుంచి బెడ్ తోక దాకా. దర్వాజను తలుపు తెరిచి కొలిస్తే లాభం లేదు. తలుపును బందుల నుంచి ఊడదీసి, చౌకట్టు లోపలి అంచు నుంచి లోపలి అంచుకు మూడు చోట్ల, అంటే కింద, నడుమ, పైన కొలవాలి. పాత చౌకట్లు నడుమ అర అంగుళం లోపలికి వంగి ఉంటాయి. షట్టర్ ఉన్న మడిగె అయితే షట్టర్ నడిచే చానల్ చెరో పక్క ఎంత బయటికి వచ్చిందో చూసుకోండి.

గల్లీ మలుపు దగ్గర చాలామంది లెక్క తప్పుతారు. నాలుగడుగుల గల్లీలోంచి మరో నాలుగడుగుల గల్లీలోకి అడ్డంగా తిరగాలి అనుకుందాం. వెడల్పు రెండున్నర అడుగులున్న వస్తువు పొడవు ఆరడుగుల మూడంగుళాలు దాటితే ఆ మూల తిరగదు. వెడల్పు రెండడుగులకు తగ్గిస్తే ఏడడుగుల మూడంగుళాల దాకా తిరుగుతుంది. అర అడుగు వెడల్పు తగ్గితే అడుగు పొడవు కలిసొస్తుందన్నమాట. మోటరు, హ్యాండిళ్లు, గేర్ కవర్ విప్పడానికి బద్ధకించకూడదనడానికి ఈ ఒక్క లెక్క చాలు. లెక్కలు నచ్చనివాళ్లు వెదురు బద్దలతో మిషన్ కొలతకు చట్రం కట్టి, దాని మీద పాత ఫ్లెక్సీ కొట్టి, ఇద్దరు పట్టుకుని తోవ పొడుగునా నడవండి. ఎక్కడ తగిలితే అక్కడ సుద్దతో గీత పెట్టండి. లేత్‌తో పాటు స్కిడ్డు పొడవు కూడా ఆ చట్రంలో కలపాలి. స్కిడ్డు బెడ్ కంటే పొడవుంటే మూలలో తగిలేది అదే.

విప్పేవి, విప్పకూడనివి

తిప్పే ముక్కను బిగించి పట్టుకునే చక్ ముందు తీయాలి. పది అంగుళాల నాలుగు జాల చక్ పాతిక ముప్పై కిలోలు ఉంటుంది. అది జారి బెడ్ మీద పడితే పడ్డ మచ్చ పోదు. అందుకని బెడ్ మీద చక్ కిందకు సరిపోయేలా చెక్క వేసి, అప్పుడు విప్పండి. తరవాత టెయిల్‌స్టాక్. కింది బోల్టు వదులు చేసి తోక వైపుకు జరిపితే వచ్చేస్తుంది, ఇద్దరు పట్టుకోవాలి. టూల్ పోస్టు, హ్యాండిళ్లు, గేర్ కవర్, బెల్టు, మోటరు, కూలెంట్ ట్యాంకు, చిప్స్ ట్రే, స్టార్టర్ బాక్స్ ఇవన్నీ దిగాలి. మోటరు వైర్లు విప్పేముందు ఫోన్‌లో ఫోటో తీసుకుని, ఒక్కో వైరుకు టేపు చుట్టి గుర్తు పెట్టండి. హెడ్‌స్టాక్ (చక్‌ను తిప్పే గేర్లుండే పెట్టె) ఆయిల్ కూడా తీసేయడం మేలు. మిషన్ వాలినప్పుడు సీలు దగ్గర కారిన ఆయిల్ పైపుల కిందికి, మనుషుల కాళ్ల కిందికి వస్తుంది.

బెడ్ మీద అటు ఇటు జరిగే సాడిల్‌ను బరువు సమానంగా పడేచోటికి జరిపి, అక్కడే లాక్ చెయ్యండి. హెడ్‌స్టాక్ వైపు ఎలాగూ బరువు కాబట్టి సాడిల్ తోక వైపు ఉంటేనే మంచిది.

హెడ్‌స్టాక్‌ను మాత్రం బెడ్ నుంచి విడదీయొద్దు. అది బెడ్‌కు సరిగ్గా సమాంతరంగా ఫ్యాక్టరీలో కూర్చోబెట్టి ఉంటుంది. తీసి మళ్లీ పెడితే స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) దారి తప్పుతుంది, ఆ తరవాత తిప్పిన ప్రతి షాఫ్ట్ టేపర్, అంటే ఒక చివర సన్నగా, వస్తుంది. దర్వాజ మరీ ఇరుకైతే దానికంటే బెడ్‌ను కాళ్ల నుంచి విడదీయడం నయం. బెడ్, హెడ్‌స్టాక్ కలిపి ఒక ముక్క, రెండు కాళ్లు రెండు ముక్కలు. బెడ్ నేరుగా స్కిడ్డు మీద కూర్చుంటే బరువు కేంద్రం రెండడుగులు కిందికి దిగుతుంది, పడే భయం చాలావరకు పోతుంది. విడదీసేటప్పుడు బెడ్‌కూ కాలికీ నడుమ పలుచని రేకు ముక్కలు కనిపిస్తే అవి ఎక్కడివి అక్కడే, ఏ బోల్టు పక్కవో రాసి పెట్టుకోండి. అవి చెత్త కాదు, లెవెల్ కోసం పెట్టినవి.

ఇంకో మాట. స్కిడ్డును కాళ్లకు వెల్డింగ్‌తో అతికించాలని చూడొద్దు. కాళ్లు పోత ఇనుము, వెల్డింగ్ సరిగ్గా పట్టదు, చల్లారుతూ పగులుతుంది. అంతకంటే పెద్ద నష్టం, ఎర్త్ క్లాంపు ఎక్కడో తగిలించి వెల్డింగ్ చేస్తే కరెంటు స్పిండిల్ బేరింగుల గుండా పోయి వాటిని తినేస్తుంది. కాళ్లకు ఫౌండేషన్ బోల్టుల రంధ్రాలు ఎలాగూ ఉన్నాయి, ఎం16 బోల్టులతో బిగించండి.

బెడ్ పైభాగానికి గ్రీజు పూసి, గోనె సంచులు చుట్టి తాడుతో కట్టండి.

సామాను

స్కిడ్డుకు నాలుగంగుళాల చానల్ రెండు ముక్కలు చాలు, ఒక్కోటి లేత్ కంటే అడుగు పొడవు. కాళ్ల రంధ్రాల వెడల్పుకు వాటిని పొడవుగా పరిచి, రెండు చివర్లా అడ్డ చానల్‌తో వెల్డింగ్ చేయించండి. లేత్ ఎక్కకముందే ఈ వెల్డింగ్ అయిపోవాలి. ముందు అడ్డ చానల్‌కు గొలుసు తగిలించే మందపాటి రింగు కూడా అప్పుడే పెట్టించుకోండి. ముందు చివర్లు పైకి కొద్దిగా కొయ్యించుకుంటే పైపు కిందికి దూరేటప్పుడు తన్నదు.

రెక్కలు రెండు జతలు. ముందు కాలి దగ్గర ఒకటి, వెనక కాలి దగ్గర ఒకటి, స్కిడ్డుకు అడ్డంగా బోల్టులతో బిగించే మూడున్నర అడుగుల చానల్ ముక్కలు. ప్రతి రెక్క చివర కింద ఒక తుమ్మ చెక్క కాలు ఉండాలి, నేలకు అంగుళం ఖాళీ వదిలి. మిషన్ ఒరిగితే ఆ అంగుళం దాటాక చెక్క నేలను పట్టుకుంటుంది. అంగుళం కంటే ఎక్కువ వదిలితే అప్పటికే ఊపు అందుకుంటుంది, తక్కువ వదిలితే ప్రతి బండ అంచుకూ తగిలి ఆగుతుంది.

పైపుల కోసం వెతుక్కోనక్కర లేదు. బోర్లలో మోటరు దించే జీఐ కాలమ్ పైపులు నల్లగొండ, మహబూబ్‌నగర్ పాత ఇనుము దుకాణాల్లో కుప్పలుగా ఉంటాయి. అంగుళంబావు గాని అంగుళంన్నర గాని తీసుకోండి, మందం 4 మి.మీ. ఉండాలి. ఏళ్ల తరబడి నీళ్లలో ఉన్న పైపు పైకి బాగానే కనిపిస్తుంది, కోస్తే లోపల తుప్పు తినేసి రేకులా ఉంటుంది. అందుకే చివర కోయించి మందం చూసి కొనాలి. కాలర్ ఉన్న చివర, మరలున్న చివర రెండూ కోసేయండి. కాలర్ ఉంటే పైపు ఒక పక్క ఎత్తుగా దొర్లి మిషన్‌ను పక్కకు లాగుతుంది. అన్నీ ఒకే సైజువి ఉండాలి. ఏడు పైపులు చాలు, ఒక్కోటి స్కిడ్డు వెడల్పు కంటే రెండు పక్కలా అడుగు చొప్పున పొడవు. దర్వాజలో వాడటానికి చౌకట్టు కంటే రెండంగుళాలు తక్కువగా మరో నాలుగు కోసి పెట్టుకోండి. ఇవి మరచిపోతే దర్వాజ నడుమ లేత్ ఆపి పైపులు కోసుకోవాల్సి వస్తుంది.

మిగతావి: ఐదడుగుల గడ్డపారలు రెండు, పది టన్నుల బాటిల్ జాకీ ఒకటి, టన్నున్నర పుల్ లిఫ్ట్ (చేతి లివర్‌తో గొలుసును గుంజే సాధనం) ఒకటి, 12 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు, రెండంగుళాల తుమ్మ లేదా వేప చెక్కలు కనీసం ఇరవై, ఏటవాలుగా కోసిన వెడ్జి చెక్కలు ఆరు, 8 మి.మీ. ఇనుప ప్లేట్లు నాలుగడుగులు రెండడుగులవి మూడు. ఆ ప్లేటు ఒక్కోటి నలభై ఏడు కిలోల దాకా ఉంటుంది, కాబట్టి ఇద్దరు మోయాలి. సెంట్రింగ్ చెక్కలు, నీలగిరి కర్రలు బరువు కింద పెట్టొద్దు, నిలువునా చీలిపోతాయి.

స్కిడ్డు మీదికి

తేలిక వైపు, అంటే తోక వైపు నుంచి మొదలుపెట్టండి. బాటిల్ జాకీ ఎత్తే ఎనిమిది అంగుళాలు, కాలి కింద దూరదు. మొదటి పని గడ్డపారదే. ఐదడుగుల గడ్డపారకు మూడంగుళాల దగ్గర చెక్క ఆనించి రెండో చివర నొక్కితే పంతొమ్మిది రెట్ల బలం వస్తుంది. నలభై కిలోల నొక్కుడుకు ఏడు వందల అరవై కిలోలు లేస్తాయి. కాబట్టి బలం చాలదన్న బెంగ ఉండదు. నొక్కేవాళ్లు గడ్డపార మీదికి ఎక్కి కూర్చోవడం, దాని కింద కాలు పెట్టడం మాత్రం వద్దు.

ఒక ప్లైవుడ్ మందం లేవగానే ఆపి, కాలి రెండు మూలల కిందా ప్లైవుడ్ దూర్చండి. ఒక మూలనే దూర్చి రెండో మూల తరవాత చూద్దాం అనుకోవద్దు. మళ్లీ లేపండి, మళ్లీ దూర్చండి. చెక్కలను వేళ్లతో కాకుండా ఇంకో చెక్కతో నెట్టండి. రెండంగుళాలు అయ్యాక ఆ చివర ఆపి, హెడ్‌స్టాక్ చివరకు వచ్చి అక్కడా రెండంగుళాలు. ఇలా అటు ఇటు మార్చుకుంటూ పైకి. ఒకే చివరను ఎనిమిది అంగుళాలు లేపితే మిషన్ జారుతుంది. జాకీ దూరేంత ఎత్తు వచ్చాక బెడ్ కింది పక్కటెముకకు చెక్క ఆనించి జాకీ పెట్టండి. బెడ్ ముందు పొడవునా ఉండే లీడ్ స్క్రూకు గాని, దాని బ్రాకెట్‌కు గాని తగలకూడదు. నడుమ జాకీ పెట్టి లేపినప్పుడు ఆ చివర ఒంటికాలి మీద నిలబడ్డట్టే. అందుకే జాకీ లేస్తున్న కొద్దీ రెండు పక్కలా చెక్కలు కూడా లేవాలి, నడుమ పావు అంగుళం కంటే ఖాళీ ఉండకూడదు.

స్కిడ్డును పొడవు దిక్కు నుంచి దూర్చి, ఎక్కిన తీరునే రివర్సులో కిందికి దించి, ఎం16 బోల్టులు బిగించి, రెక్కలు కట్టండి. రెక్కలు కట్టకముందు పైపులు పెట్టొద్దు.

తోవ నడక

గుంజేది పుల్ లిఫ్ట్‌తోనే. చదును నేల మీద పైపులపై టన్ను లేత్‌కు ముప్పై నుంచి యాభై కిలోల గుంజుడు సరిపోతుంది. అయినా చేతులతో నెట్టడం కంటే పుల్ లిఫ్టే మేలు, ఎందుకంటే అది పళ్లచక్రం మీద ఒక్కో పన్ను చొప్పున మాత్రమే కదులుతుంది, వదిలితే ఆగుతుంది. ‘ఐలేసా’ అని అందరూ ఒక్క ఊపున గుంజే అలవాటు ధాన్యం బస్తాలకు బాగుంటుంది. ఇక్కడ ఆ ఊపుకు లేత్ రెండు పైపులు దాటి పోతుంది, దాన్ని ఆపేవాళ్లు ఉండరు. గొలుసు కొక్కెం స్కిడ్డు రింగుకే తగిలించండి. బెడ్‌కో, టెయిల్ వైపు బ్రాకెట్‌కో తగిలిస్తే పైభాగాన్ని లాగినట్టవుతుంది.

అవతలి కొస దేనికి కట్టాలి? ఇటుక పిల్లరు, షట్టర్ చానల్, ఇంటి స్లాబుకున్న ఫ్యాను కొక్కెం ఇవేవీ పనికిరావు. ఎదుటి గోడకు దర్వాజ ఉంటే దాని బయటి వైపు చానల్ ముక్కను అడ్డంగా పెట్టి, రెండు పక్కలా గోడ మీద అడుగు చొప్పున ఆనేలా చూసి, దానికి గొలుసు కట్టండి. దర్వాజ లేకపోతే గట్టి కాంక్రీటు నేలలో ఎం16 యాంకర్ బోల్టులు రెండు దించాలి. రేకుల షెడ్డు యాంగిళ్లకు చైన్ పుల్లీ వేలాడదీసి లేత్‌ను ఎత్తడం అసలే వద్దు. బోరు మోటర్లు తీసే మూడు కాళ్ల స్టాండు దింపడానికి అక్కరకొస్తుంది గానీ, నున్నటి బండల మీద దాని కాళ్లు జారుతాయి, మూడు కాళ్లనూ కింద గొలుసుతో కట్టేయాలి.

ఏ క్షణమైనా స్కిడ్డు కింద కనీసం మూడు పైపులు ఉండాలి. అడుగున్నరకు ఒకటి చొప్పున. వెనక నుంచి బయటపడ్డ పైపును ముందుకు తెచ్చి పెట్టేది ఒక్కరే, మిషన్ ఆగి ఉన్నప్పుడే. పైపు చివర రంధ్రంలో వేలు పెట్టి పట్టుకోవడం అలవాటు. అది తిరిగితే వేలు పోతుంది. పక్కల నుంచి అరచేతితో పట్టుకోండి. తిరగాల్సి వస్తే ముందు పైపులను విసనకర్ర పుల్లల్లా కొద్దికొద్దిగా వంకరగా పెట్టి, రెండు పౌండ్ల సుత్తితో చివర కొట్టి సర్దండి. ఒక్కసారి ఎక్కువ వంకర పెడితే స్కిడ్డు పక్కకు దొర్లిపోతుంది.

మాట ఒకరిదే ఉండాలి. గోడకూ లేత్‌కూ నడుమ ఎవరూ ఉండకూడదు, పైపు తెచ్చే మనిషి కూడా. ఒరుగుతున్న లేత్‌ను చేతులు పెట్టి ఆపాలని చూడొద్దు. వదిలేసి పక్కకు పోవాలి. పనికి ముందే ఎవరు ఎటు పోవాలో చూపించి పెట్టండి.

మోరీ, కడప, తాండూరు బండలు

మన వైపు మడిగెల్లో నేల చాలావరకు తాండూరు బండలదో, షాబాద్ బండలదో ఉంటుంది. పై నుంచి చూస్తే అద్దంలా ఉంటుంది, కింద ఏముందో తెలియదు. మందం అంగుళం నుంచి అంగుళంన్నర. కింద ఇసుక, దాని మీద పలుచగా సున్నమో సిమెంటో. మూలల దగ్గర చాలాసార్లు ఖాళీ ఉంటుంది. తోవలో ఉన్న ప్రతి బండను సుత్తి వెనక భాగంతో నడుమ ఒకసారి, నాలుగు మూలలా నాలుగుసార్లు తట్టండి. గట్టిగా కూర్చున్న బండ ‘టంగు’మని పొట్టిగా మోగుతుంది. కింద ఖాళీ ఉన్నది డొల్ల కుండలా ‘డబ్‌’మంటుంది. డబ్‌మన్న మూలకు సుద్దతో గుండ్రం చుట్టండి. లేత్ పైపు సన్నటి గీత మీద బరువు దించుతుంది. ఆ గీత డొల్ల మూల మీద పడగానే బండ విరుగుతుంది, పైపు ఆ సందులో ఇరుక్కుంటుంది, స్కిడ్డు ఆ పక్కకు ఒరుగుతుంది. రెండున్నర అంగుళాల లెక్క ఇక్కడే గుర్తుకు తెచ్చుకోవాలి.

దీనికి మందు, బండల మీద ముందు 19 మి.మీ. ప్లైవుడ్, దాని మీద 8 మి.మీ. ఇనుప ప్లేట్లు. ప్లైవుడ్ లేకుండా ప్లేటు పెడితే అది బండ అంచు మీద ఊగుతుంది, బండను గీకుతుంది. ప్లేటుకూ ప్లేటుకూ నడుమ సందు వదలొద్దు, పైపు అందులోకి దిగుతుంది. మూడు ప్లేట్లు ఉంటే దాటిన ప్లేటు తీసి ముందు పెట్టుకుంటూ పోవచ్చు.

మోరీ మీది బండను నమ్మొద్దు. అది రెండు మూడంగుళాల గ్రానైటే అయినా, కింద ఆనే అంచులు ఎన్నేళ్ల నుంచో నీళ్లకు కరిగి ఉంటాయి. ఆ బండను తీసేసి, ఒక్కో స్కిడ్డు చానల్ కింద రెండేసి నాలుగంగుళాల చానళ్లు మోరీ మీద అడ్డంగా వేసి, మోరీకి రెండు వైపులా అడుగు చొప్పున గట్టి నేల మీద ఆనించండి. చానల్ నిలబడి ఉండాలి, పడుకోబెట్టకూడదు. పడుకోబెడితే నాలుగో వంతు బలం కూడా ఉండదు, నడుమ వంగుతుంది. రెండు చానళ్లను ఎదురెదురుగా పెట్టి వెల్డింగ్ చేసి డబ్బాలా చేసుకుంటే పక్కకు వాలవు. వాటి మీద ప్లేటు.

కడపను కొట్టేయాల్సిన పని చాలాసార్లు ఉండదు. దాని రెండు పక్కలా చెక్కలు పేర్చి, కడప కంటే అర అంగుళం ఎత్తుకు తెచ్చి, ప్లేటు దాని మీదుగా వేయండి. బరువు కడప రాయి మీద గాని, చౌకట్టు మీద గాని పడకూడదు.

ఇప్పుడు దర్వాజ. ముందు రెక్కల జత చౌకట్టుకు అరచేతి దూరంలో రాగానే ఆపండి. నాలుగు వైపులా వెడ్జి చెక్కలు తన్ని, వెనక రెక్కల కాళ్ల కింద ఉన్న అంగుళం ఖాళీని ప్లైవుడ్‌తో మూసేయండి. అప్పుడు ముందు జత విప్పండి. వెనక జత కింది ప్లైవుడ్ తీసి, పొట్టి పైపులు పెట్టి, రెండడుగులు గుంజండి. ముందు కాలు గోడ దాటగానే మళ్లీ ఆపి, లోపల ముందు జత తిరిగి బిగించండి. ఆ తరవాతే వెనక జత వంతు. తొమ్మిదంగుళాల గోడకు ఈ వరస సులువుగా సరిపోతుంది. రెండు జతలూ ఒకేసారి ఊడి ఉండే క్షణం రాకూడదు. అలా తప్పదు అనిపిస్తే, అంటే గోడ మరీ మందమో, వెంటనే మలుపో ఉంటే, బెడ్‌ను కాళ్ల నుంచి విడదీయడానికి అదే గుర్తు.

అరుగు ఎక్కించడం

రెండడుగుల అరుగుకు కనీసం పన్నెండడుగుల ర్యాంపు కావాలి. ఆ వాలుకే టన్నుకు నూట అరవై ఐదు కిలోల అదనపు గుంజుడు. పెద్ద లెక్క కాదు, కానీ ర్యాంపు మీద పైపులు వాడొద్దు. పైపుల మీద ఉన్న లేత్ గొలుసు తెగితే వెనక్కి ఉరుకుతుంది. పైపులు తీసి, స్కిడ్డును పొడి చెక్కల మీద ఈడ్చండి. మొత్తం గుంజుడు ఐదారు వందల కిలోలకు పెరుగుతుంది, టన్నున్నర పుల్ లిఫ్ట్‌కు అది సులువే. పొడి చెక్క మీద ఇనుము రాపిడి ఆ వాలు కంటే ఎక్కువ కాబట్టి వదిలేసినా మిషన్ అక్కడే నిలుస్తుంది. చెక్క తడిసినా, ఆయిల్ పడినా ఆ నమ్మకం లేదు. వానాకాలంలో ర్యాంపు మీద టార్పాలిన్ కప్పి పెట్టుకోండి. ప్రతి అడుగుకూ వెనక వెడ్జి పడాలి, పెట్టే మనిషి పక్కన నిలబడి కర్రతో నెట్టాలి, వెనక నిలబడకూడదు. చెక్కల కింద ప్రతి రెండడుగులకు దిమ్మెలు పేర్చండి. ర్యాంపు ఎప్పుడూ లేత్ పొడవు దిక్కే. అడ్డంగా ఎక్కించే ఆలోచన ఎవరికి వచ్చినా ఆపండి.

బండి మీంచి దించేటప్పుడు

హైడ్రా క్రేన్‌తో దించుతుంటే ముందు తలెత్తి చూడండి. గల్లీల్లో కరెంటు తీగలు చేతికందేంత కిందికి ఉంటాయి. లైన్‌మన్‌తో చెప్పి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైనుకు కరెంటు ఆపించడం) తీసుకున్నాకే బూమ్ లేపాలి. ఎత్తే బెల్టులు రెండూ బెడ్ కింద నుంచి రావాలి, లీడ్ స్క్రూను, ఫీడ్ రాడ్‌ను తాకకుండా నడుమ చెక్క అడ్డం పెట్టాలి. ఊదా రంగు బెల్టు టన్నుకు, ఆకుపచ్చది రెండు టన్నులకు. టన్ను లేత్‌కు ఆకుపచ్చవే వాడండి. బెడ్ అంచుల దగ్గర లారీ టైరు ముక్కలు పెట్టకపోతే బెల్టు కోసుకుపోతుంది. రెండు బెల్టుల నడుమ కోణం 60 డిగ్రీలు దాటనీయొద్దు. 120 డిగ్రీలైతే ఒక్కో బెల్టు మీద మొత్తం బరువంతా పడుతుంది.

కూర్చోబెట్టాక

హెడ్‌స్టాక్ వెనక గోడ వచ్చేలా పెట్టుకుంటే పొడవు షాఫ్ట్ స్పిండిల్‌లోంచి దూరదు. పంపు షాఫ్టులు, మిల్లు షాఫ్టులు వచ్చే దుకాణమైతే స్పిండిల్ వరుసకు దర్వాజ గాని కిటికీ గాని ఉండేలా చూసుకోండి. వెనక మోటరు, బెల్టు అందుకోవడానికి రెండడుగులు వదలాలి.

బండల మీద నేరుగా నిలబెట్టొద్దు. కాళ్ల కింద బండలు తీసి ఆరంగుళాల కాంక్రీటు పోయించి, అది గట్టిపడ్డాకే మిషన్ తేవాలి. నల్లరేగడి మీద కట్టిన షెడ్డయితే వానలకు నేల ఉబ్బి, ఎండలకు కుంగుతుంది, కాబట్టి లెవెల్ ఏడాదిలో రెండుసార్లైనా చూడాల్సి ఉంటుంది. మీటరుకు 0.02 మి.మీ. చూపించే లెవెల్‌ను బెడ్ మీద అడ్డంగా, ముందు హెడ్‌స్టాక్ దగ్గర, తరవాత తోక దగ్గర పెట్టండి. రెండు చోట్లా బుడగ ఒకేచోట ఆగాలి. తేడా ఉంటే బెడ్ మెలితిరిగిందని అర్థం, కాళ్ల కింద వెడ్జిలు సర్దండి. ఫౌండేషన్ నట్లు బిగించాక లెవెల్ మళ్లీ చూడండి, బిగింపుతోనే మారుతుంది.

కరెంటు కలిపాక ఒక్క క్షణం మాత్రం ఆన్ చేసి స్పిండిల్ ఎటు తిరుగుతుందో చూడండి. త్రీ ఫేజ్‌లో రెండు వైర్లు తారుమారైతే ఉల్టా తిరుగుతుంది. మరలతో బిగించే చక్ అయితే అలా తిరిగినప్పుడు ఊడి బెడ్ మీద పడుతుంది. అందుకే చక్‌ను ఈ పరీక్ష అయ్యాకే బిగించాలి.